మెడనొప్పికి ఆపరేషన్ మీద నింద ఎందుకు?



చెరకు నరికే రోజుల్లో వడ్డాది చుట్టుపక్కల పొలాలు చూడండి. ఆడా మగా తలల మీద మోపులతో గట్ల వెంట వస్తుంటారు. బెల్లం వండే చోట పొద్దస్తమానం వంగి పాకం కలియబెడుతుంటారు. చంటిపిల్ల తల్లి మెడ వంచి పాలిస్తుంది, ఆ తర్వాత అదే పిల్లను చంకనెత్తుకుని నీళ్ళ బిందె మోస్తుంది. ఇన్ని పనులు మెడ మీద పడితే అది నొప్పెట్టక ఏం చేస్తుంది?

కాని నొప్పి రాగానే కొందరు అనే మాట వేరు. "వాసెక్టమీ అయ్యాక మా ఆయనకు నరాల్లో బలం పోయింది, మెడ తిప్పలేకపోతున్నాడు" అంటుంది ఒకావిడ. "ట్యూబెక్టమీ చేయించుకున్న దగ్గర్నుంచీ మెడా నడుమూ లాగేస్తున్నాయి" అంటుంది ఇంకొకావిడ. ఈ మాట విన్న పక్కింటి జంట ఆపరేషన్ వద్దంటారు, లూపు వద్దంటారు, ఏ పద్ధతీ వద్దంటారు. ఏడాది తిరిగేసరికి వద్దనుకున్న గర్భం రావచ్చు. నొప్పి తగ్గలేదు సరికదా, అదే మెడకు ఇంకో బిడ్డ పని తోడవుతుంది.

అసలు సంగతి వినండి. వాసెక్టమీలో చేసేది వీర్యకణాలను తెచ్చే రెండు సన్నని గొట్టాలను మూయడమే. మగతనాన్నీ కండబలాన్నీ ఇచ్చే హార్మోను ఎప్పటిలాగే రక్తంలో కలుస్తుంది. ట్యూబెక్టమీలో మూసేది అండం వచ్చే గొట్టాలను. మెడ నరాలు మెడలోని వెన్నుపాము నుంచి పుడతాయి. ఆపరేషన్ జరిగే చోటికీ మెడకూ సంబంధం లేదు. మరి రెండూ ఒకేసారి ఎందుకు వస్తాయి? ఆపరేషన్ చేయించుకునే వయసే ఇంట్లో చిన్నపిల్లలుండే వయసు, పొలంలో ఎక్కువ బరువు మోసే వయసు. నొప్పికి కారణం మోపు, నింద ఆపరేషన్‌కు!

ఒక్క సంగతి దాచకూడదు. వెన్నులో మత్తు సూది ఇచ్చి ఆపరేషన్ చేసినప్పుడు కొద్దిమందికి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తుంది. దాంతోపాటు మెడ పట్టేయవచ్చు. అలా అయితే ఆసుపత్రికి తిరిగి రండి. దానికి చికిత్స ఉంది.

ఇక మామూలు మెడనొప్పి మాట. 2020లో ప్రపంచంలో సుమారు 20 కోట్ల మందికి ఈ బాధ ఉందని లెక్క. వారిలో మగవారికన్నా ఆడవారే ఎక్కువ. చాలామందికి ఎముక విరిగీ కాదు, నరం తెగీ కాదు. కండరాలూ కీళ్ళూ అలసి బిగుసుకుపోవడం వల్ల వస్తుంది. ఎక్కువమందికి కొన్ని వారాల్లో నెమ్మదిస్తుంది. అందుకే ఎక్స్‌రే తీయలేదని డాక్టరుగారి మీద అలగనక్కరలేదు.

మంచం మీద కదలకుండా పడుకోవద్దు. రోజుల తరబడి మెడకు పట్టీ కట్టుకోవద్దు, కండలు ఇంకా బలహీనపడతాయి. వేడి కాపడం హాయిగానే ఉంటుంది, పెట్టుకోండి. కాని కాపడం ఒక్కటే నమ్ముకుంటే నొప్పి మళ్ళీ వస్తుంది. క్షవరం చేయించుకున్నాక మెడను పటుక్కుమనిపించుకునే అలవాటు మాత్రం మానండి. అలా విదిలిస్తే మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళం చిరిగి పక్షవాతం రావచ్చు. అరుదే గాని, వస్తే బతుకు పాడవుతుంది.

పరిశోధనల్లో నిలబడిన మందు వ్యాయామం. 2003లో ఫిన్లాండు దేశంలో ఎన్నాళ్ళుగానో మెడనొప్పి ఉన్న 180 మంది ఆడవారి మీద ఏడాదిపాటు చేసిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. మెడా భుజాల బలం పెంచే వ్యాయామం చేసిన వారిలో పదిమందికి ఏడుగురు నొప్పి బాగా తగ్గిందన్నారు. ఆ వ్యాయామం చేయని వారిలో అలా అన్నది పదిమందికి ఇద్దరే. "వాళ్ళు కుర్చీలో కూర్చునే ఆఫీసు ఆడవాళ్ళు, మాకేం పోలిక?" అనకండి. మోపు మోసినా బలం పెరుగుతుంది కదా అనీ అనుకోకండి. మోపు మెడను ఒకే తీరున నొక్కుతుంది, అన్ని కండలకూ పని చెప్పదు.

ఇంట్లో ఇలా చేయండి. తల కింద మడత దుప్పటి పెట్టుకుని వెల్లకిలా పడుకోండి. తల పైకి లేపకుండా, "ఊఁ, సరే" అన్నట్టు గడ్డాన్ని మెల్లగా గొంతు వైపు వంచి, పది అంకెలు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు చేయాలి. ఇది చూడ్డానికి పనికిమాలిన పనిలా ఉంటుంది గాని, మెడ లోపల ముందు వైపున్న కండలకు బలమిచ్చేది ఇదే. తర్వాత కూర్చుని, రెండు రెక్కల ఎముకలనూ వెనక్కి దగ్గరగా లాగి పట్టుకోండి. అరచేయి నుదుటికి ఆనించి, తలతో చేతిని మెల్లగా నెట్టండి, కాని తల కదలకూడదు. అలాగే రెండు పక్కలా, వెనకా. చివరికి లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని భుజాల దాకా ఎత్తి దించండి. కాస్త లాగినట్టుంటే భయం లేదు. నొప్పి చేతిలోకి పాకితే ఆపేయండి. ఆరు వారాలైనా విడవకుండా చేస్తేగాని ఫలితం తెలియదు. నాలుగు రోజులు చేసి "ఏటీ తగ్గలేదు" అంటే కాదు. ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్ళే వీలుంటే చేతులతో కీళ్ళను సడలించే చికిత్స కూడా ఇస్తారు. వ్యాయామంతో కలిపితేనే దాని గుణం నిలుస్తుంది.

భార్యాభర్తలిద్దరూ పని పంచుకోవాలి. పెద్ద మోపును రెండు చిన్నవి చేయండి. మోపు ఒంటరిగా తలకెత్తుకోవద్దు, రెండో మనిషి చెయ్యి వేయాలి. పాలిచ్చేటప్పుడు తల్లి వంగి బిడ్డ దగ్గరకు పోకుండా, గోడకు ఆనుకుని, ఒళ్ళో దుప్పటి మడతలు పెట్టి బిడ్డను రొమ్ము ఎత్తుకు తెచ్చుకోవాలి. "మావా, ఈ బిందె నువ్వు తే" అని భార్య అంటే నవ్వే మగవాడు ఆ రాత్రి మెడకు కాపడం కూడా తనే పెట్టాల్సి వస్తుంది! పాలిచ్చే తల్లికి మాత్ర కావాలంటే పారాసిటమాల్ వాడవచ్చు. కడుపుతో ఉన్నవారు డాక్టరు చెప్పనిదే ఏ నొప్పి మాత్రా మింగరాదు. బిడ్డకూ బిడ్డకూ మూడేళ్ళ ఎడం ఉంటే చంకలో ఒక్కరే ఉంటారు. దానికి లూపు, సూది, మాత్రలు, నిరోధ్ ఉన్నాయి. ఏది కావాలో మీరిద్దరూ కలిసి తేల్చుకోండి, బలవంతం లేదు.

ఆపరేషనే ఎంచుకుంటే బరువుల లెక్క ఇది. వాసెక్టమీ అయినవారు రెండు రోజుల తర్వాత తేలికపని చేసుకోవచ్చు. వారం తర్వాత సైకిలూ మోపూ అన్నీ మామూలే. మూడు నెలలు నిరోధ్ వాడి, వీర్యపరీక్ష చేయించుకోవాలి. ట్యూబెక్టమీ అయినవారు రెండు రోజుల తర్వాత తేలికపనులు మొదలుపెట్టి, రెండు వారాల్లో మెల్లగా పూర్తి పనికి రావచ్చు.

చేతిలో పట్టు తప్పుతున్నా, గుండీలు పెట్టుకోలేకపోతున్నా, నడక తూలుతున్నా, ఒంటికి దొడ్డికి అదుపు తప్పినా వ్యాయామాలతో కాలయాపన చేయకండి. జ్వరంతో మెడ బిగిసినా, బరువు తగ్గిపోతూ రాత్రిళ్ళు నొప్పి నిద్ర పట్టనివ్వకపోయినా, గుండెలో మొదలై మెడకూ ఎడమ చేతికీ పాకినా వెంటనే చోడవరం ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. పెద్ద కేసయితే విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి పంపుతారు. చెట్టు మీంచో బండి మీంచో పడినవారి మెడను మాత్రం తిప్పి చూడకండి. కదలనివ్వకుండా ఉంచి 108కి ఫోను చేయండి.