ఈటీవీ చరిత్రము: తెలుగునాట నొక స్వతంత్ర టెలివిజను కంపెనీ

1. స్వతంత్రమనగా నేమి?

టెలివిజనులో గానవచ్చు బొమ్మలను గుఱించి మన విద్యార్థులు ప్రతిదినము ముచ్చటించుకొనుచుందురు. కాని యా బొమ్మలను మనకు బంపువారెవరు, వారికి ధన మెక్కడనుండి వచ్చును, వారిపై నధికార మెవరికి గలదు అను ప్రశ్నలు వేసికొనువారు తక్కువ. రాజుల చరిత్రమును జదువునట్లే మన కన్నులయెదుట బుట్టి పెరిగిన యొక సంస్థ చరిత్రమును జదువుటయు బ్రయోజనకరమని తలంచి యీ పాఠమును వ్రాయుచున్నాము.

'స్వతంత్ర టెలివిజను' అను మాట ఇంగ్లండు దేశమున బాగుగ వాడుకలోనికి వచ్చినది. అచ్చట బీబీసీ యను ప్రజాసంస్థ 1936 నవంబరు 2వ తేదీన క్రమబద్ధముగ టెలివిజను ప్రసారములను మొదలు పెట్టెను. అది ప్రజలు చెల్లించు లైసెన్సు రుసుముతో నడచునది. 1955 సెప్టెంబరు 22వ తేదీన ఐటీవీ యను రెండవ యేర్పాటు ప్రారంభమాయెను. వర్తకులిచ్చు ప్రకటనల ధనమే దాని కాధారము. బీబీసీకి లోబడినది కాదు గావున దానిని స్వతంత్ర టెలివిజను అనిరి. అనగా నీ మాటకు 'ఎవరికిని లోబడనిది' అని యర్థము కాదు; 'ఫలానివారికి లోబడనిది' అని మాత్రమే యర్థము. ఈ భేదమును విద్యార్థులు జ్ఞాపకమునం దుంచుకొనవలెను.

2. ప్రభుత్వ ప్రసారములు

మన దేశమున టెలివిజను 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో బ్రయోగముగా మొదలయ్యెను. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వఱకు ఒక సంవత్సరకాలము, అమెరికావారి ఏటీఎస్-6 అను ఉపగ్రహము ద్వారా ఆఱు రాష్ట్రములలోని రమారమి 2,400 గ్రామములకు వ్యవసాయము, ఆరోగ్యము, విద్య మున్నగు విషయములపై ప్రసారములు పంపబడెను. సైట్ అని పేరొందిన యా ప్రయోగమున ఆంధ్రప్రదేశ్ గ్రామములును గలవు. వానికి దెలుగు ప్రసారములే వచ్చెను. ఊరి కొక పెట్టె. ఊరివారందఱును దానిముందు గూర్చుండి చూచిరి.

1976 ఏప్రిల్ 1వ తేదీన దూరదర్శన్ ఆకాశవాణినుండి వేఱుపడెను. 1977 అక్టోబరు 23వ తేదీన హైదరాబాదు కేంద్రము ప్రారంభింపబడెను. 1982లో దేశమున రంగుల ప్రసారములు వచ్చెను. 1983లో శాంతిస్వరూప్‌గారు తెలుగున మొదటి వార్తలు చదివిరి. ఆ దినములలో వీధికి రెండు మూడు పెట్టెలు మాత్రమే యుండగా, ఇరుగుపొరుగువారు వాని చుట్టును జేరుచుండిరి.

దూరదర్శన్ చేసిన మేలు కొంచెము కాదు. అయినను రెండు కొఱతలుండెను. మొదటిది, ప్రసారకాలములో దెలుగునకు దక్కిన భాగము స్వల్పము. రాత్రివేళ జాతీయ కార్యక్రమములు హిందీలోను ఇంగ్లీషులోను వచ్చుచుండెను. రెండవది, పాలించువారును వార్తలు చెప్పించువారును ఒక్కరే యగుటచే, పాలకుల తప్పులు తెరమీదికి వచ్చుట యరుదు.

3. ఆకాశ మెవరిది?

భూమధ్యరేఖకు మీదుగా 35,786 కిలోమీటర్ల యెత్తున నుంచబడిన యుపగ్రహము భూమితో సమానవేగముగ దిరుగుటచే, మనకు ఆకాశమున నొక్కచోటనే నిలిచియున్నట్లు తోచును. క్రిందినుండి పంపిన తరంగములను అది గ్రహించి మఱల విశాలమైన భూభాగముపై వెదజల్లును. 1991లో గల్ఫ్ యుద్ధపు దృశ్యములు, ఆ సంవత్సరముననే హాంకాంగునుండి స్టార్ టీవీ ప్రసారములు ఈ రీతిగనే మన దేశమునకు వచ్చెను. పట్టణములలో కొందఱు మేడలమీద గొడుగువంటి డిష్షుల నమర్చి, అచ్చటినుండి యింటింటికిని తీగలు లాగి, నెలకింత యని రుసుము వసూలు చేయసాగిరి. కేబులువా రనబడు వీరివలననే ప్రైవేటు ఛానళ్లకు దారి యేర్పడెను. 1992 అక్టోబరు 2వ తేదీన హిందీలో జీ టీవీయు, 1993 ఏప్రిల్ 14వ తేదీన తమిళమున సన్ టీవీయు వెలసెను.

అయితే 1885 నాటి టెలిగ్రాఫు చట్టము ప్రకారము ప్రసారాధికారము ప్రభుత్వమునదే. 1993లో జరిగిన హీరో కప్ క్రికెట్టు పోటీల ప్రసారహక్కును గుఱించి బెంగాల్ క్రికెట్ సంఘమునకును కేంద్రప్రభుత్వమునకును తగవు పుట్టి సుప్రీంకోర్టునకు బోయెను. 1995 ఫిబ్రవరి 9వ తేదీన తీర్పు వెలువడెను. తీర్పు నొసగిన ముగ్గురు న్యాయమూర్తులలో బి. పి. జీవన్ రెడ్డిగారు మన తెలుగువారు. ఆకాశతరంగములు ప్రజల సొత్తు అనియు, వానిని ప్రభుత్వము తన గుత్తసొత్తుగా నుంచుకొనరాదనియు, ప్రైవేటు ధనికుల గుత్తకును విడువరాదనియు ఆ తీర్పు సారాంశము. చివరిమాటను చాలమంది మఱచిపోవుదురు. విద్యార్థులు మఱవరాదు.

4. ఈటీవీ పుట్టుక

1995 సంవత్సరముననే తెలుగునకు రెండు ప్రైవేటు ఛానళ్లు కలిగెను. ఒకటి జెమినీ టీవీ. రెండవది ఆగస్టు 27వ తేదీన ప్రారంభమైన ఈనాడు టెలివిజను, అనగా ఈటీవీ. దీని స్థాపకులు చెరుకూరి రామోజీరావుగారు. వీరు 1936 నవంబరు 16వ తేదీన, మన ముదినేపల్లికి దూరము గాని పెదపారుపూడి గ్రామమున వ్యవసాయకుటుంబమున జన్మించిరి. బీబీసీ టెలివిజను క్రమప్రసారములు మొదలైన నెలయు, వీరు పుట్టిన నెలయు ఒక్కటే యగుట గమనింపదగినది.

వీరు 1969లో అన్నదాత యను రైతుపత్రికను, 1974 ఆగస్టు 10వ తేదీన విశాఖపట్టణమున ఈనాడు దినపత్రికను స్థాపించిరి. జిల్లావార్తలకు బెద్దపీట వేసి, మారుమూల గ్రామములనుండి సైతము విలేకరులచే వార్తలు తెప్పించుట ఆ పత్రిక యలవఱచుకొన్న పద్ధతి. 1983లో ఉషాకిరణ్ మూవీస్ ద్వారా చలనచిత్రములు తీయనారంభించిరి. ఇట్లు వార్తలు సేకరించువారును, చిత్రములు తీయువారును ముందే సిద్ధముగ నుండుటచే టెలివిజను నడుపుట వీరికి సులభమాయెను. 1996లో హైదరాబాదు చెంత వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీ, 1,600 ఎకరములకు మించిన స్థలముతో ప్రపంచమున నతిపెద్ద చిత్రనిర్మాణ ప్రాంగణముగ గిన్నిస్ గ్రంథమున కెక్కినది.

ఈటీవీ కార్యక్రమములలో మూడింటిని బేర్కొందుము. అన్నదాత పత్రిక పేరుతోనే ఉదయమున రైతుల కార్యక్రమము వచ్చెను; వరి, చేపలు, పాడిపశువులు గల మనవంటి ప్రాంతముల రైతులకు దానివలన గలిగిన మేలు స్పష్టము. 1996లో మొదలైన పాడుతా తీయగా కార్యక్రమమున ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారు పిల్లలచే బాడించి, ఉచ్చారణదోషములను మెత్తని మాటలతో దిద్దుచుండిరి. భాష నేర్పువారమైన మేము దానిని మంచి పాఠశాలగా నెంచితిమి. మూడవది రాత్రి తొమ్మిది గంటల వార్తలు. ఈ వేళకు భోజనములు ముగించుకొని కూర్చుండిన కుటుంబములు తెలుగునాట ననేకములు.

5. విస్తరణము

తొలిదినములలో మన భూమినుండి యుపగ్రహమునకు ప్రసారములు పంపుటకు ప్రైవేటు కంపెనీలకు స్వేచ్ఛ లేదు. విదేశములలోని కేంద్రములే దిక్కు. 2000 సంవత్సరపు నియమములవలన ఈ యిబ్బంది తొలగెను. అప్పటినుండి ఈటీవీ యితర భాషలలోనికి సాగెను. 2000 మొదలు 2002 వఱకు బంగ్లా, మరాఠీ, కన్నడము, ఉర్దూ, గుజరాతీ, ఒరియా ఛానళ్లును, ఉత్తరప్రదేశ్, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రములకు హిందీ ఛానళ్లును స్థాపింపబడెను. 2003 డిసెంబరులో దెలుగు వార్తలకొఱకు ఈటీవీ-2 వచ్చెను. ఒక తెలుగు కంపెనీ పండ్రెండు ఛానళ్లను హైదరాబాదునుండి నడపుట సామాన్యమైన పని కాదు. ఢిల్లీ మాటయే దేశపు మాట యనుకొను కాలమున, రాష్ట్రమునకు దాని భాషలో దాని వార్తలు చాలునను నమ్మకమే దీనికి మూలము.

ఇంతలో బోటీయు బెరిగెను. 2002లో మా టీవీ, 2004లో టీవీ9, 2005లో జీ తెలుగు వచ్చెను. తరువాత ఒకదాని వెంబడి నొకటిగ వార్తాఛానళ్లు పుట్టెను.

6. విక్రయము

బహుభాషలలో ఛానళ్లను నడుపుటకు గావలసిన ధన మపారము. ప్రకటనలు చాలని ఛానలు యజమానికి భారము. 2012 జనవరిలో టీవీ18 అను ముంబాయి సంస్థ ఈటీవీ ఛానళ్లలో భాగము కొనబోవుచున్నట్లు ప్రకటించెను. 2014 జనవరిలో ఆ వ్యవహారము ముగిసెను. మూల్యము రెండువేల కోట్ల రూపాయలకు మించెను. హిందీ, ఉర్దూ వార్తాఛానళ్లు పూర్తిగను, ఇతరభాషల వినోదఛానళ్లలో సగపాలును, తెలుగు ఛానళ్లలో రమారమి నాలుగవవంతును కొన్నవారికి జెందెను. ఆ సంస్థకు ధనము సమకూర్చినది రిలయన్సు కంపెనీ. 2015లో మరాఠీ, కన్నడ, బంగ్లా, గుజరాతీ, ఒరియా వినోదఛానళ్లకు కలర్స్ అని పేరు మాఱెను. వార్తాఛానళ్లు తరువాత న్యూస్18 పేరు దాల్చెను. హైదరాబాదునుండి దేశమంతట వ్యాపించిన పేరు మఱల దెలుగునాటికే పరిమితమాయెను.

2014లో రాష్ట్రము విభజింపబడగా, వార్తలకు ఈటీవీ ఆంధ్రప్రదేశ్, ఈటీవీ తెలంగాణ యని రెండు ఛానళ్లు వేఱువేఱుగ నేర్పడెను. పిమ్మట ఈటీవీ ప్లస్, సినిమా, అభిరుచి మున్నగునవి వచ్చెను. 2021 ఏప్రిల్‌లో బాలల కొఱకు బాల భారత్ పలు భాషలలో మొదలయ్యెను. రామోజీరావుగారికి 2016లో పద్మవిభూషణ్ బిరుదు లభించెను. 2024 జూన్ 8వ తేదీన వారు పరమపదించిరి.

7. స్వాతంత్ర్యమునకు వెల

ప్రభుత్వమునకు లోబడని కంపెనీ ప్రకటనదారునకు లోబడవలసి వచ్చును. ఎక్కువమంది చూచినగాని ప్రకటన రాదు. కలహము, అపహాస్యము చూపినచో నెక్కువమంది చూతురు. పత్రికయు ఛానలును ఒక్క యజమాని చేత నుండుటచే వార్త త్వరగ జేరును గాని, ఆ యజమానికి నచ్చని మాట రెండుచోట్లను మూతబడవచ్చును. నేడు తెలుగు వార్తాఛానళ్లలో ఏది యే రాజకీయపక్షము వైపు మ్రొగ్గునో మన యూళ్లలోని పెద్దలు పేరు వినగానే చెప్పుదురు. ఇది ఒక్క సంస్థ దోషము కాదు. ధనముతో నడచు స్వాతంత్ర్యమునకు బుట్టువుతోనే వచ్చిన చిక్కు.

మన కొల్లేటినే యుదాహరణముగ దీసికొందము. 1999లో ఐదవ కాంటూరు లోపలి భాగము పక్షుల యభయారణ్యముగ బ్రకటింపబడెను. 2006లో నందలి చేపలచెఱువుల గట్లు కొట్టివేయబడెను. ఆ గట్లు తెగుటను మాత్రమే చూపి, దిగులుతో నిలుచున్న రైతును జూపినచో, చూచువాని మనస్సు ప్రభుత్వముపై గోపించును. ఆటపాకలో వ్రాలిన గూడబాతులను, ఎండిపోయిన కాలువలను మాత్రమే చూపినచో చెఱువులవారిపై గోపించును. రెండు బొమ్మలును నిజములే. ఒక్కదానినే చూపుట సగము నిజము. సగము నిజము పూర్తి యబద్ధముకంటె నెక్కువ కీడు చేయును. ఏలయన దానిని ఖండించుట కష్టము.

కావున, విద్యార్థులారా, వార్త చూచునపుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. దీనిని జూపువారికి ధనమెవరిత్తురు? చూపక విడిచిన దేమి? రెండవ పక్షమువారి మాట మన మెక్కడ వినగలము? ఆకాశతరంగములు ప్రజల సొత్తని కోర్టువారు చెప్పిరి. తన సొత్తును దానే కనిపెట్టుకొనవలెను. మీ యింట బెద్దలు ఒక్క ఛానలునే చూచువారైనచో, వారితో వాదింపక, వారి ప్రక్కన గూర్చుండి మఱొక ఛానలులో నదే వార్తను జూపుడు.

అభ్యాసములు

1. 'స్వతంత్ర టెలివిజను' అనుటలో స్వతంత్ర శబ్దమున కర్థమేమి?
2. 1995 ఫిబ్రవరి తీర్పులోని రెండు హెచ్చరికలను వ్రాయుడు.
3. ఈటీవీ యితరభాషా ఛానళ్లు చేతులు మాఱుటకు గారణములను మీ మాటలలో వివరింపుడు.
4. ఒకే దినమున ఒకే వార్తను రెండు ఛానళ్లలో జూచి, భేదములను పట్టికగా వ్రాసి తెచ్చి తరగతిలో జదువుడు.