వాడిక పాలు

సిడ్నీ, వెంట్‌వర్త్‌విల్

అమ్మలూ,

రెండు వ్యాసాలు అచ్చయ్యాక రెండు నెలలుగా ఎవరూ పలకలేదని రాశావు. తెనాలిలో మీ నాయనమ్మకి రెండు గేదెలుండేవి. పాలు పట్టుకుని ఊరంతా తిరిగేది కాదు. ఎనిమిదిళ్లు వాడిక. ఎవరింటికి ఎన్ని గిద్దలో ఆవిడకి కంఠతా వచ్చు. రాతపని కూడా అలా వాడిక పడాలి.

పత్రిక వ్యాసం పండగనాటి పాయసం. అద్దె కట్టేది పళ్ల డాక్టరు వెబ్‌సైటూ, అకౌంటెంటు నెలనెలా పంపే న్యూస్‌లెటరూ. చిన్నచూపు చూడకు. ఇక్కడ ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది కదా, అకౌంటెంట్ల దగ్గరికి ఏప్రిల్‌లోనే వెళ్లు. ఒక పని అప్పగించాక "ఇంకేమైనా ఉంటే చెప్పండి" అనకు. "వచ్చే నెలది పదో తారీఖుకి పంపనా?" అని అడుగు. మొదటిదానికి మొహమాటంగా నవ్వుతారు, రెండోదానికి జవాబు చెప్పక తప్పదు.

ఇక బిల్లు. 2018లో ఒక హోటలుకి మెనూ రాసి 600 డాలర్లకి బిల్లిచ్చాను. చేతికొచ్చింది 318. దానిమీద ఏబీఎన్, అంటే వ్యాపార నంబరు, వేయడం మర్చిపోయాను, వాళ్లు రూలు ప్రకారం 47 శాతం పన్నుకింద పట్టుకున్నారు. తర్వాత రిటర్నులో సర్దుబాటయిందనుకో, ఆ నెల అద్దెకి మాత్రం మీ పెద్దమ్మ ముందు చెయ్యి చాచాను. ఆ పదకొండంకెల నంబరు ప్రభుత్వ సైట్లో ఉచితం, మధ్యవాళ్లకి ఫీజు కట్టకు. ఏడాది రాబడి 75,000 డాలర్లు చేరేదాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. అందాకా కాగితం మీద "టాక్స్ ఇన్‌వాయిస్" అని రాయకూడదు, ఉత్త "ఇన్‌వాయిస్" అనాలి. గడువు 14 రోజులని స్పష్టంగా వెయ్యి.

నీది స్టూడెంట్ వీసా. క్లాసులు జరిగే రోజుల్లో పక్షానికి 48 గంటలే. ఏబీఎన్ మీద ఇంట్లో కూర్చుని రాసినా ఆ లెక్కలోకే వస్తుంది.

నాటీవాళ్ల సీసీఎల్ భాషా పరీక్ష పాసయ్యావని మీ నాన్న ఊరంతా చెబుతున్నాడు. సంతోషమే, పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, ఐదు పాయింట్లు. అనువాదకురాలివని కార్డు కొట్టించుకోవడానికి మాత్రం అది చాలదు. దానికి సర్టిఫికేషన్ వేరే ఉంది.

అన్నట్టు, ఆ రెండు వ్యాసాలకీ డబ్బొచ్చిందో లేదో రాయలేదు. అసలు బిల్లు పంపావా?

పెదనాన్న