పాత బోరు మోటారు: కట్టించాలా, కొత్తది కొనాలా?

నాటేసిన మడి ఎండుతుంటే మోటారు కాలిందని తొందరపడి అప్పు చేయకండి. ముందు ఎందుకు కాలిందో చూడండి. ఒక ఫేజు పోయినా, వోల్టేజి తగ్గినా, నీళ్లు లేక ఉత్తగా తిరిగినా వైండింగ్ కాలుతుంది. ఆ లోపం సరిచేయకుంటే కొత్తదీ కాలుతుంది.

మోటారు విప్పేటప్పుడు దగ్గరుండండి. వైండింగ్ ఒక్కటే కాలి షాఫ్టు, బుష్‌లు బాగుంటే కట్టించుకోండి. తీగ మందం, చుట్ల లెక్క పాతదాని ప్రకారమే ఉండాలి.

షాఫ్టు అరిగినా, ఇదివరకే రెండుమూడుసార్లు కట్టించినా, ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటినా కొత్తదే మేలు. పైపులు తీసి దించే కూలి రెండింటికీ తప్పదు. పంట మధ్యలో మళ్లీ తీయాల్సి వస్తే ఆ కూలీ దండగే, పంటా దండగే.

ఏది చేసినా స్టార్టరుకు ప్రివెంటరు పెట్టించాకే స్విచ్ వేయండి.