ఈల తొందరపడితే...

డ్రిల్లు పీరియడును ఒకసారి గుర్తు చేసుకోండి. డ్రిల్లు సారు ఈల వేసినప్పుడల్లా వరుసలో ఉన్నవాళ్ళందరూ ఒక అడుగు వేస్తారు. ఈల నిదానంగా పడుతుంటే ఎవరూ తడబడరు. వేగం కొంచెం పెంచితే మైదానం అవతలికి త్వరగా చేరతారు. ఇంకా పెంచితే? ఒక పిల్లవాడి కాలు నేలకు ఆనకముందే మరో ఈల పడుతుంది. వాడు తడబడతాడు, వెనుకవాడు వాడికి తగులుకుంటాడు, వరుస చెదిరిపోతుంది.

కంప్యూటర్ లోపల కూడా ఇటువంటి ఈల ఒకటి ఉంది. దాని వేగాన్ని కంపెనీ నిర్ణయించినదానికన్నా పెంచడాన్ని ‘ఓవర్‌క్లాకింగ్’ అంటారు. మా పదో తరగతి కుర్రాడొకడు ఒకనాడు నన్నడిగాడు: “సార్, మా నాయన మద్రాసు రిచీ వీధిలో పాత కంప్యూటర్ కొనుక్కొచ్చినాడు. నత్త మాదిరి ఉంది. దాన్ని కొంచెం ఉరికించలేమా?” ఉరికించవచ్చు. అయితే ఎంతవరకు? అలా చేస్తే నష్టపోయేదెవరు? అదే ఈ పాఠం.

కంప్యూటర్ లోపలి ఈల

మీ చేతి గడియారంలో ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. విద్యుత్తు ఇస్తే అది క్రమం తప్పకుండా కంపిస్తుంది. కంప్యూటర్‌లోనూ అటువంటి స్ఫటికమే ఉంది. దాని కంపనాలను కొన్ని వలయాలు అనేక రెట్లు పెంచి ప్రాసెసర్‌కు అందిస్తాయి. ఒక్కొక్క కంపనం ఒక్కొక్క ఈల. ఈల పడగానే ప్రాసెసర్‌లోని ప్రతి భాగం అప్పటికి తన వద్ద సిద్ధంగా ఉన్న జవాబును పక్క భాగానికి అందించి, కొత్త పని మొదలుపెడుతుంది.

సెకనుకు పది లక్షల కంపనాలు జరిగితే ఒక మెగాహెర్ట్జ్ అంటాం. తిరుపతికి దగ్గరలోని గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే పెద్ద రాడార్ ఉన్నది. అది 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను ఆకాశంలోకి పంపుతుంది. అంటే సెకనుకు 5 కోట్ల 30 లక్షల కంపనాలు. ఇక 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో సెకనుకు 30 కోట్ల ఈలలు పడతాయి. ఒక ఈలకూ మరో ఈలకూ మధ్య వ్యవధి 3.3 నానోసెకన్లు. నానోసెకను అంటే సెకనులో నూరు కోట్లవ వంతు. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోయే కాంతి కూడా ఆ వ్యవధిలో ఒక మీటరు మాత్రమే పోగలదు!

ఎనిమిదిమందితో ఒక ప్రయోగం

ఈల తొందరపడితే లెక్క ఎలా తప్పుతుందో మీరే చేసి చూడవచ్చు. ఎనిమిదిమంది స్నేహితులను వరుసగా నిలబెట్టండి. ప్రతివారి చేతిలో ఒక అట్టముక్క. దానికి ఒకవైపు 0, రెండోవైపు 1. కుడి చివరి నుంచి వారి విలువలు వరుసగా 1, 2, 4, 8, 16, 32, 64, 128. ఇది కంప్యూటర్ వాడే ద్విసంఖ్యా పద్ధతి. 1 చూపేవారి విలువలన్నీ కూడితే సంఖ్య వస్తుంది.

కుడివైపు నుంచి మొదటి ఏడుగురూ 1 చూపాలి, ఎనిమిదోవాడు 0 చూపాలి. అంటే 127. ఇప్పుడు దీనికి 1 కలుపుదాం. మొదటివాడి భుజం తట్టండి. నియమం ఇదీ: భుజం తట్టినప్పుడు మీ అట్ట 1 అయితే దాన్ని 0గా తిప్పి, పక్కవాడి భుజం తట్టండి. 0 అయితే 1గా తిప్పి ఊరుకోండి. కాగితంపై కూడికలు చేసేటప్పుడు మనం పక్క స్థానానికి ఒకటి పంపుతాం కదా, ఇదీ అదే.

ఒక్కొక్కరికి అర సెకను పడుతుందనుకుందాం. ఎనిమిదోవాడి వరకు వార్త చేరి అతని అట్ట తిరగడానికి 4 సెకన్లు కావాలి. 5 సెకన్లకు ఈల వేసి, అందరినీ కదలకుండా నిలబడమనండి. జవాబు 128. సరిగ్గా వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి, ఈసారి 2 సెకన్లకే ఈల వేయండి. నలుగురి అట్టలే తిరిగి ఉంటాయి. మిగిలిన 16, 32, 64 కూడితే వచ్చేది 112!

ఇప్పుడు 126కు 1 కలపండి. మొదటివాడి అట్ట ఒక్కటి తిరిగితే చాలు, పని అర సెకనులో ముగుస్తుంది. 2 సెకన్ల ఈలకు కూడా జవాబు 127 అని సరిగ్గానే వస్తుంది. ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ఒకటి, ఈల తొందరపడినా చాలా లెక్కలు సరిగ్గానే వస్తాయి. ఎక్కువ దూరం పోవలసిన లెక్కలే తప్పుతాయి. రెండు, తప్పు జరిగినప్పుడు వరుసలో ఎవ్వరూ “తప్పు” అని అరవలేదు. 112 కూడా చూడటానికి చక్కని జవాబులాగానే ఉంది.

నిజమైన ప్రాసెసర్లలో కూడికకు ఇంతకన్నా తెలివైన దగ్గరదారులు ఉన్నాయి. అయినా ప్రతి పనికీ ఎంతో కొంత కాలం పట్టక తప్పదు.

1998లో జరిగిన ఒక చిత్రం

ఓవర్‌క్లాకింగ్ చరిత్రలో పేరుపొందిన చవక ప్రాసెసర్ ఒకటుంది. 1998 ఆగస్టులో ఇంటెల్ కంపెనీ విడుదల చేసిన సెలెరాన్ 300ఎ. దాని వేగం 300 మెగాహెర్ట్జ్. మదర్‌బోర్డు 66.67 మెగాహెర్ట్జ్ కంపనాలు ఇస్తే ప్రాసెసర్ దాన్ని నాలుగున్నర రెట్లు చేసుకునేది. ఆ నాలుగున్నరను మార్చడానికి వీలులేకుండా కంపెనీ బిగించింది. కాని మదర్‌బోర్డు ఇచ్చే కంపనాలను 100కు పెంచితే? 100ను 4.5తో గుణించండి. 450 మెగాహెర్ట్జ్! అంటే ఒకటిన్నర రెట్ల వేగం. ఈలల మధ్య వ్యవధి 3.3 నుంచి 2.2 నానోసెకన్లకు తగ్గింది. అయినా ఆ చిప్పుల్లో చాలా భాగం తడబడకుండా పనిచేశాయి. అప్పట్లో 450 మెగాహెర్ట్జ్ పెంటియం 2 ధర దీనికి నాలుగు రెట్ల పైమాటే.

కారణం ఏమిటి? రెండింటినీ 0.25 మైక్రాన్ల పద్ధతిలోనే తయారు చేశారు. ఆపైన, పెంటియం 2లో తాత్కాలిక జ్ఞాపకశక్తి, అంటే క్యాష్, వేరే చిప్పులలో ఉండి ప్రాసెసర్ వేగంలో సగంతో నడిచేది. సెలెరాన్ 300ఎలో అది పరిమాణంలో చిన్నదే అయినా, అదే సిలికాన్ ముక్కమీద ఉండి పూర్తి వేగంతో నడిచేది.

మరి అంత సత్తా ఉన్నదానికి 300 అని ముద్ర ఎందుకు వేశారు? ఒకే పలకపై తయారైన చిప్పులన్నీ ఒకేలా ఉండవు. ఒకే చెట్టు మామిడికాయలను పెద్దవి, చిన్నవి అని వేరు చేసినట్లు, కంపెనీ చిప్పులను పరీక్షించి వేగాన్నిబట్టి తరగతులుగా విడదీస్తుంది. అమ్మకాల అవసరాన్నిబట్టి ఒక్కోసారి మంచి చిప్పుకు కూడా తక్కువ ముద్ర వేస్తుంది. పైగా మండే ఎండలోనూ, విద్యుత్తు కొంచెం హెచ్చుతగ్గులైనా పనిచేయాలని కొంత వెసులుబాటు ఉంచుతుంది. ఓవర్‌క్లాకింగ్ చేసేవారు ఖర్చు చేసేది ఆ వెసులుబాటునే.

వేడి అనే శత్రువు

తడబడే చిప్పును నిలబెట్టడానికి కొందరు వోల్టేజీ పెంచుతారు. కుళాయిలో నీటి ఒత్తిడి పెరిగితే బిందె త్వరగా నిండుతుంది కదా! అలాగే వోల్టేజీ పెరిగితే ట్రాన్సిస్టర్లు త్వరగా మారతాయి. కాని దీనికి చెల్లించవలసిన మూల్యం ఉంది. ట్రాన్సిస్టర్లు మారడం వల్ల పుట్టే వేడి కంపన వేగంతోపాటు, వోల్టేజీ వర్గంతోపాటు పెరుగుతుంది. వేగం 1.5 రెట్లు చేసి, వోల్టేజీని 2.0 నుంచి 2.2కు, అంటే 1.1 రెట్లు పెంచామనుకోండి. 1.5 × 1.1 × 1.1 = 1.8. వేడి దాదాపు రెండింతలు!

మామూలు వేగంలో ఒక చిప్పు గదికంటే 30 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుందనుకుందాం. ఇప్పుడు 54 డిగ్రీలు ఎక్కువవుతుంది. జనవరిలో గది 22 డిగ్రీలుంటే చిప్పు 76 డిగ్రీలకు చేరుతుంది. మే నెలలో మన గది 40 డిగ్రీలైతే 94! వేడెక్కిన సిలికాన్‌లో అణువుల కంపనం ఎక్కువై ఎలక్ట్రాన్ల దారికి అడ్డు తగులుతుంది, ట్రాన్సిస్టర్లు నెమ్మదిస్తాయి. అంటే ఈల వేగం పెరిగిన సమయానికే కాళ్ళు బరువెక్కుతాయన్నమాట. ఏళ్ళ తరబడి ఇలా నడిపితే మరో నష్టం కూడా ఉంది. స్వర్ణముఖికి నీరొచ్చినప్పుడు ప్రవాహం ఇసుకను ఒకచోట కోసి మరోచోట మేట వేసినట్లు, ఎలక్ట్రాన్ల ప్రవాహం సన్నని తీగలలోని లోహపు అణువులను కొంచెం కొంచెంగా జరిపి, చివరకు తీగను తెంచవచ్చు.

అందుకే పందేలకోసం వేగం పెంచేవారు చిప్పును విపరీతంగా చల్లబరుస్తారు. 2022లో ద్రవ హీలియం వాడి ఒక ప్రాసెసర్‌ను 9 గిగాహెర్ట్జ్ దాటించారు. అది రికార్డుకోసం కొద్దిసేపు నడిపినది మాత్రమే.

మా మార్కుల పట్టిక

కొన్నేళ్ళ క్రితం మేమూ ఈ పని చేశాం. మూలపడి ఉన్న ఒక పాత కంప్యూటర్ వేగాన్ని చలికాలంలో పెంచాం. చక్కగా నడిచింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం రేకుల గదిలో, పిల్లలు రాసిన చిన్న ప్రోగ్రాంతో దానిమీదే మార్కుల మొత్తాలు వేసి గోడకు అంటించాం. మర్నాడు ఒక అమ్మాయి కాగితం పట్టుకొని వచ్చింది. “సార్, నేను చేత్తో కూడితే 463 వస్తా ఉంది. గోడమీద 399 ఉంది” అన్నది. తేడా 64. మన వరుసలో ఏడో పిల్లవాడు! పాత వేగానికి తెచ్చి మళ్ళీ నడిపితే 463 వచ్చింది. ఆ అమ్మాయి కూడి చూసుకోకపోతే ఆమె స్థానం పోయేది. తప్పు కంప్యూటర్‌ది కాదు, నాది. ఆరోజు పట్టిక అంతా చేత్తో కూడి, కొత్తది అంటించాను.

శ్రీహరికోటలో తొందర లేదు

2024 డిసెంబర్ 30న మన తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి.–సి60 ఎగిరింది. ఇస్రో, మొహాలీలోని సెమీకండక్టర్ లాబొరేటరీ కలిసి రూపొందించిన ‘విక్రమ్ 3201’ అనే 32 బిట్ల ప్రాసెసర్‌ను ఆ ప్రయాణంలో అంతరిక్షంలో పరీక్షించారు. దానిని 180 నానోమీటర్ల పద్ధతిలో చేశారు. సెలెరాన్‌ది 250 నానోమీటర్లు. అంటే ఇది కూడా దాదాపు ఆ కాలపు పద్ధతే. వేగంలో మీ ఇంట్లోని ఫోనుకు అది సాటిరాదు. కాని ఎగిరే రాకెట్‌ను ఆపి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టలేం కదా! అక్కడ కావలసింది తొందర కాదు, ప్రతిసారీ సరైన జవాబు.

మరి ఆ కుర్రాడికి నేనేం చెప్పాను? “ముందు పెద్దవాళ్ళ చేత ఫ్యాను దుమ్ము దులిపించు, జ్ఞాపకశక్తి చిప్పు ఒకటి అదనంగా పెట్టించు. ఆటకోసం వేగం పెంచి చూడాలంటే, పోయినా బాధలేని కంప్యూటర్‌మీద చూడు. ఎవరి మార్కులూ, ఎవరి జీతమూ, ఎవరి మందుల లెక్కా దానిమీద వేయవద్దు” అన్నాను.

ఆలోచించండి

1. పై ప్రయోగంలో 3 సెకన్లకు ఈల వేస్తే 127 + 1 ఎంత వస్తుంది?
2. 2 సెకన్ల ఈలకు 63 + 1 సరిగ్గా వస్తుందా? 7 + 1?
3. వోల్టేజీ మార్చకుండా వేగాన్ని 1.2 రెట్లు పెంచితే వేడి ఎన్ని రెట్లు అవుతుంది?
4. ఎండలో పెట్టిన ఫోను తనంతట తానే నెమ్మదిస్తుంది. అది లోపమా, తెలివా?