రిపోర్టు వచ్చేదాకా రామదాసు గారితో

ఈ వారం వీడియోలో గోల్కొండ కోటలోని రామదాసు బందీఖానా చూశారు కదా. ఆ షూట్ రోజు నా మనసు కెమెరా మీద లేదు. అంతకు రెండు రోజుల ముందే నాన్నకి ప్రోస్టేట్ బయాప్సీ చేశారు. వీడియోలో చెప్పలేకపోయా, ఇక్కడ చెబుతున్నా.

రక్తపరీక్షలో పీఎస్ఏ 11 వచ్చింది. మామూలుగా 4 దాటితే డాక్టర్లు ఇంకాస్త లోతుగా చూస్తారు. పెరిగినంత మాత్రాన క్యాన్సర్ అనేం కాదు, వయసుతో ఆ గ్రంథి ఉబ్బినా, ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా మైండ్‌స్పేస్‌లో స్టాండప్ మీటింగ్ మధ్యలో ల్యాబ్ యాప్ రిఫ్రెష్ చేస్తూనే ఉన్నా. ఒకరోజు లెక్కపెడితే లంచ్ లోపే 40 సార్లు!

ఐదు రోజుల్లో ఇస్తామన్నారు. ఎనిమిదో రోజుకీ రాలేదు. సర్వర్ జవాబివ్వకపోతే ఏదో కూలిపోయిందనుకునే బుర్ర కదా మనది, ఆలస్యమైతే చెడు వార్తే అని తేల్చేసుకున్నా. డాక్టర్ గారు విడమరిచి చెప్పారు. తీసిన ముక్కల్ని ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో బిగించి, వెంట్రుక కన్నా పలుచగా కోసి, రంగు ఎక్కించాకే పాథాలజిస్టు మైక్రోస్కోప్‌లో చూస్తారట. తేల్చుకోలేని చోట ఇంకో రకం పరీక్ష కూడా చేస్తారు, దానికి మరికొన్ని రోజులు. అంటే ఆలస్యానికి అర్థం ఆలస్యమే.

ఈలోగా మా అత్త ఫోన్ చేసి, "దేవుణ్ణి నమ్మినవాడివి, నీకు టెన్షనేంట్రా?" అంది. భయంతో పాటు సిగ్గు కూడా తోడైంది. అప్పుడే మళ్ళీ రామదాసు గారి దగ్గరికి వెళ్ళా.

కంచర్ల గోపన్న గారు తానీషా కాలంలో తహశీల్దారు. ఖజానా సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించారని ఖైదు చేశారు. పన్నెండేళ్ళని చెప్పుకుంటాం. కానీ లోపలున్న ఆయనకి అది పన్నెండని తెలీదు కదా! రాముడే వచ్చి బాకీ తీరుస్తాడన్న క్లైమాక్స్ మనకి తెలుసు, ఆయనకి తెలీదు. ఆయనేమీ ప్రశాంతంగా కూర్చోలేదు కూడా. 'ఇక్ష్వాకు కుల తిలక' కీర్తన వినండి. ఏ నగకి ఎంతయిందో లెక్కలు చెప్పి మరీ రాముణ్ణి నిలదీశారు. చివర్లో, దెబ్బలు ఓర్చుకోలేక తిట్టాను, ఏమీ అనుకోకు అన్నారు. భయం, కోపం, క్షమాపణ, మూడూ ఒకే చిరునామాకి పంపారు. మనం దాన్ని భక్తి కాదని అనగలమా?

రాత్రి అన్నం దగ్గర నాన్న అడిగారు, "ఏరా, అస్తమానం ఆ ఫోన్‌లో ఏముంది?"

"ఏం లేదు నాన్నా."

"రిపోర్టేగా. నాకూ భయమేరా. నేను రోజూ ఆయనతో పోట్లాడుతున్నాలే. నువ్వు పెరుగేసుకో."

వాళ్ళ ముందు భయపడకూడదని నేను, నా ముందు భయపడకూడదని ఆయన. ఇన్నాళ్ళూ ఇదీ మా ఇంటి నాటకం. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని డాక్టర్ గారిని అడగాల్సిన ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకున్నాం. మొదటిది అమ్మ రాయించింది.

గురువారం రమ్మన్నారు. యాప్‌లో ముందే వచ్చినా ఒక్కణ్ణే తెరవనని నాన్నకి మాటిచ్చా.