మంచము మోసిన నలుగురు
వాక్య భాగము: మార్కు సువార్త 2:1–12



ఈ భాగము చదివేటప్పుడు నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెలవారికి ఒక సౌకర్యమున్నది. కపెర్నహూములో ఇంటికప్పు విప్పి రోగిని దించారంటే పట్నంలో పెరిగిన పిల్లలకు అర్థం కాదు. మన పెద్దలకు వివరించనక్కరలేదు. పైన మన్ను వేసి, చవుడు పోసిన మట్టిమిద్దెలు వారు ఎరిగినవే. అటువంటి మిద్దె తవ్వితే కింద కూర్చున్నవారి నెత్తిన ఎంత మట్టి పడుతుందో ఊహించండి. ఆ ఇంటి యజమాని ఏమన్నాడో మార్కు వ్రాయలేదు!

మన వాడుకలో "నలుగురు మోయడం" అంటే ఆఖరి ప్రయాణమే గుర్తుకు వస్తుంది. ఇక్కడ నలుగురు బ్రతికియున్న వానిని మోశారు. పక్షవాయువు గల ఆ మనిషి ఒక్క మాటైనా మాట్లాడినట్లు ఈ భాగములో లేదు. 5వ వచనము నిదానంగా చదవండి. యేసు ఎవరి విశ్వాసము చూచెను? రోగి విశ్వాసము అని మాత్రమే వ్రాయబడలేదు, మోసినవారిని కూడా కలిపి వ్రాయబడినది. మంచానికి నాలుగు కోళ్లు. ముగ్గురే వచ్చివుంటే ఆ మంచము మిద్దె ఎక్కేది కాదేమో.

ఆదివారము ఆరాధనలో రెండు వందలమంది ఉన్నప్పుడు ఒకరు రాకపోతే ఎవరికి తెలుస్తుంది? పాస్టరుగారికి కూడా తెలియకపోవచ్చు. ఎనిమిది, పదిమంది గల గృహ కూడికలో ఒక చాప ఖాళీగా ఉంటే వెంటనే తెలుస్తుంది. చిన్న గుంపు అవసరము ఇక్కడే ఉన్నది.

ఇది క్రొత్త సంగతి కాదు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్టణములో జాన్ వెస్లీ సహవాసమువారికి మందిరము కట్టిన అప్పు ఉండెను. తలకు వారానికి ఒక పెన్నీ చొప్పున వసూలు చేయడానికి సుమారు పన్నెండుమందికి ఒక నాయకుని పెట్టారు. మన పొదుపు సంఘము వంటిదే అనుకోండి. పెన్నీ కోసం ఇంటింటికి వెళ్లిన నాయకులకు ఆ ఇండ్లలోని కష్టాలు, తగాదాలు, జారిపోతున్న భక్తి కనబడ్డాయి. అప్పు సంగతి అలా ఉండగా, ఆత్మలను కాయుటకు ఆ గుంపులే సాధనమయ్యాయి.

మన ప్రాంతములో కూడా చదువురాని కుటుంబాలలో వాక్యము చెవి ద్వారానే నాటబడినది. 1912లో ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్‌గా అభిషేకింపబడిన వి.ఎస్. అజరయ్యగారు దోర్నకల్‌లో సేవ చేశారు. నంద్యాల ప్రాంతము కూడా తర్వాత ఆ అధ్యక్ష మండలములో చేరినది. క్రొత్తగా బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తమ తలమీద ఉంచుకొని, సువార్త చెప్పే భారము తమదే అని ఒప్పుకొనే పద్ధతి ఆయన నేర్పారు. దీనికి ఆధారము 1 కొరింథీయులకు 9:16. చదువు వచ్చిన ఉపదేశికి మాత్రమే ఆ భారము అనలేదు.

కాబట్టి "నాకు చదవడం రాదు, గుంపులో నేనేం చేస్తాను?" అని ఏ అక్కా అనవద్దు. ఒకరు చదవండి. చదువురానివారు విన్న కథను తమ మాటల్లో తిరిగి చెప్పండి. తప్పిపోయిన సంగతిని మిగిలినవారు అందిస్తారు. ఇలా చెప్పినవారికి గుర్తున్నంతగా, గబగబ చదివినవారికి గుర్తుండదు. మార్కు సువార్త 16 అధ్యాయములు. వారానికి ఒకటి చొప్పున నాలుగు నెలలు. మిరపకాయ కోతల్లో, పత్తి తీసే రోజుల్లో కూడిక ఆగిపోతే ఆ వారము వదిలేసి, మళ్లీ అక్కడినుండే మొదలుపెట్టండి. మూడు పావుల గంట చాలును. పౌలు ప్రసంగమే అర్ధరాత్రి వరకు సాగగా ఐతుకు నిద్రపోయి కిందపడ్డాడు (అపొ. కార్యములు 20:9). పగలంతా వంగి పనిచేసినవారిని మనము ఎంతసేపు కూర్చోబెట్టగలము?

మరొక సంగతి. "బైబిలు తెరిస్తే మనసు నిలవదు" అని నలభై దాటినవారు బాధపడుతుంటారు. చాలాసార్లు అది భక్తి లోపము కాదు, చత్వారము. కండ్లు పరీక్ష చేయించుకోండి. చూపు మసకబారుతుంటే షుగరు కూడా చూపించుకోండి.

మార్కు వర్ణించిన రోగికి పక్షవాయువు ఎలా వచ్చిందో మనకు తెలియదు. ఈనాడు మన ఇండ్లలో పక్షవాతానికి ముఖ్య కారణము అదుపులో లేని బి.పి. అది నొప్పి పెట్టదు. అందువలన "బాగానే ఉన్నాను గదా" అని మాత్రలు మానేస్తారు. కొందరు ప్రార్థన చేయించుకొని, మాత్ర వేసుకుంటే అవిశ్వాసమని మానేస్తారు. ఇది వాక్యము నేర్పినది కాదు. హిజ్కియా పుండు మీద అంజూరపు ముద్ద వేయించినది యెషయా ప్రవక్తయే (2 రాజులు 20:7). లూకా వైద్యుడని పౌలే వ్రాశాడు (కొలొస్సయులకు 4:14). గుంపులోని ఒకరు "పిన్నీ, ఈ నెల మాత్రలు తెచ్చుకున్నావా?" అని అడగడం కూడా వాక్యానుసారమైన మాటే.

ఎవరికైనా ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, ఒకవైపు చేయి పడిపోయినా, మాట తడబడినా ఆకుపసరు కోసం, నూనె మర్దన కోసం కాలము పోగొట్టవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి. లక్షణాలు మొదలైన సమయము గుర్తుపెట్టుకొని డాక్టరుగారికి చెప్పండి. స్కానింగులో తగినవారని తేలితే, నాలుగున్నర గంటలలోపు రక్తపుగడ్డ కరిగించే మందు ఇవ్వవచ్చు. ఆళ్లగడ్డ అవతలి పల్లెనుండి నంద్యాల చేరేసరికే అందులో కొంత సమయము గడిచిపోతుంది.

గుంపులో చెప్పుకున్న జబ్బు గుంపులోనే ఉండవలెను. "ప్రార్థన అంశము" అనే పేరుతో ఒక సహోదరి రోగము వీధి కుళాయి దాకా వెళ్లిందంటే, ఆమె తిరిగి నోరు విప్పదు, ఆస్పత్రికి కూడా రావడానికి జంకుతుంది. పేరు చెప్పకుండా కూడా ప్రార్థించవచ్చు, ప్రభువుకు తెలుసు.

ఈ వారము మీ గుంపులో మార్కు 2వ అధ్యాయము చదివి ఈ రెండు మాట్లాడుకోండి. ఆ నలుగురు ద్వారము దగ్గరినుండే ఎందుకు తిరిగి వెళ్లిపోలేదు? గత నెలలో మన కూడికకు రాకుండాపోయినవారు ఎవరు, వారి ఇంటికి ఈ సాయంత్రం ఎవరు వెళ్తారు?