పొరుగు సబ్‌నెట్టులోని ప్రింటరును కనుగొను విధము

కంప్యూటరులు గల పాఠశాలలయందు తఱచుగా వినవచ్చు ఫిర్యాదొకటి కలదు. కార్యాలయమున ప్రింటరు చక్కగా పనిచేయుచుండును. ప్రక్కగదిలోని గుమాస్తాగారు మీట నొక్కినంతనే కాగితము వెలువడును. ఆవరణ కావలనున్న తరగతి భవనమునుండి ఉపాధ్యాయుడు తన టాబ్లెట్టుపై వెదకినచో మాత్రము "ప్రింటరు లేదు" అని వచ్చును. అప్పు డాయన ప్రశ్నపత్రమును పెన్‌డ్రైవున నెక్కించుకొని ఎండలో నడచిపోవును. లేదా ఎవరి ఫోనునకో పంపి అచ్చు తీయుమని వేడుకొనును. పరీక్షకు ముందునాడు ప్రశ్నపత్రము అట్లు చేతులు మారుట ఎంత యపాయమో తల్లిదండ్రులకు మేము వేఱుగ చెప్ప నక్కఱలేదు. ఈ చిక్కు ఏల కలుగునో, డి.ఎన్.ఎస్. అను నామపట్టికచేత దాని నెట్లు తీర్పవచ్చునో పై తరగతుల విద్యార్థులకు బోధపడునట్లు వివరింప దలచితిమి.

పెద్ద నెట్‌వర్కును వాడలుగా విభజించినచో ఒక్కొక్క వాడకు సబ్‌నెట్టని పేరు. వాడకును వాడకును నడుమ రౌటరు నిలిచి యుత్తరములను అటునిటు చేరవేయుచుండును. ఒక పాఠశాలలో కార్యాలయమునకు 10.20.1.0, ఉపాధ్యాయులకు 10.20.2.0, విద్యార్థుల ప్రయోగశాలకు 10.20.3.0 అను మూడు సబ్‌నెట్టులు గలవనుకొందము. ఒక్కొక్కదానియందు 254 చిరునామాలకు చోటు గలదు. మన ప్రింటరు చిరునామా 10.20.1.50.

ఇప్పటి యంత్రములు ప్రింటరును వెదకు విధము దండోరావంటిది. ఆపిల్ కంపెనీవారు 2002లో రాండెవూ అను పేరుతో దీనిని ప్రచారములోనికి తెచ్చి, 2005లో బాంజూర్ అని పేరు మార్చిరి. దీని నియమములను స్టూవర్ట్ చెషైర్, మార్క్ క్రోక్‌మల్ అనువారు వ్రాయగా 2013లో ప్రకటింపబడెను. టాబ్లెట్టు 224.0.0.251 అను ఉమ్మడి చిరునామాకు, 5353వ ద్వారమునకు, "ఇచ్చట ప్రింటరు లేవైన గలవా?" అని కేక వేయును. విన్న ప్రింటరు "నేనున్నాను" అని బదులు పలుకును. పట్టిక వ్రాయువారుగాని, పెత్తనము చేయువారుగాని అక్కఱలేదు. ఇంటిలో నిది మిక్కిలి సుఖమైన యేర్పాటు. అయితే ఆ దండోరా వాడ పొలిమేర దాటదు. ఆ చిరునామాకు వేసిన కేకను రౌటరు ముందునకు పంపదు. ఇది రౌటరు లోపము గాదు. పంపకుండుటయే దానికి విధింపబడిన ధర్మము. ప్రతి వాడలోని కేకలును ఊరంతట మ్రోగినచో పనిచేయుట దుర్లభమగును.

ఇచ్చట విద్యార్థులు గమనింపవలసిన విషయమొకటి గలదు. కేక చేరకున్నను త్రోవ తెఱచియే యుండవచ్చును. ఉపాధ్యాయుని కంప్యూటరున 10.20.1.50 అని చేతితో వ్రాసి చూచినచో కాగితము వచ్చిన, లోపము త్రోవయందు లేదు, పేరు తెలియకుండుటయందే యున్నది.

మూడు వాడలను నొక్కటిగ కలిపివేసిన చాలునుగదా యని కొందఱందురు. మేము దీని కొప్పుకొనము. పిల్లల మార్కులు, ఫీజుల లెక్కలు గల యంత్రములను ప్రయోగశాలనుండి వేఱుచేయుటకే గదా యీ గోడలు కట్టినది. ఒక ప్రింటరు కొఱకు గోడ పడగొట్టుట తగదు.

కేకకు మాఱుగ పట్టిక నాశ్రయింపవలెను. పేర్లకు చిరునామాలు చెప్పు డి.ఎన్.ఎస్. పద్ధతిని పాల్ మోకపెట్రిస్ 1983లో రచించెను. యంత్రము సర్వరునకు వ్రాయు ప్రశ్న మామూలు యుత్తరమే కావున రౌటరు దానిని దాటించును. ఆ పట్టికలో ప్రింటరును గూర్చి నాలుగు పంక్తులు వ్రాయవలెను. పాఠశాల డొమైను పేరు స్కూల్.ఎగ్జాంపుల్ అనుకొందము. మొదటిది పి.టి.ఆర్. పంక్తి: ఐ.పి.పి. అను ముద్రణసేవ యీ డొమైనున ఎవరియొద్ద గలదన్న "కార్యాలయము" అను ప్రింటరునొద్ద గలదని చెప్పును. రెండవది ఎస్.ఆర్.వి. పంక్తి: ఆ ప్రింటరు ఏ యంత్రమున, ఏ ద్వారమున నున్నదో తెలుపును, ఐ.పి.పి.కి ద్వారము 631. మూడవది టి.ఎక్స్.టి. పంక్తి: ప్రింటరు రకము, అది గ్రహించు పత్రరూపములు, ఉత్తరువు లందుకొను త్రోవ మొదలగు వివరములు. నాలుగవది ఎ పంక్తి: యంత్రము పేరునకు 10.20.1.50 అను చిరునామా. ఐఫోనులు, ఐపాడ్‌లు గలచోట 2010లో వచ్చిన ఎయిర్‌ప్రింట్ పద్ధతి ననుసరించి "యూనివర్సల్" అను ఉపశాఖకు మఱియొక పి.టి.ఆర్. పంక్తియు, టి.ఎక్స్.టి.లో యు.ఆర్.ఎఫ్. అను వివరమును చేర్పకున్న అవి ప్రింటరును చూపవు.

సేవల పేర్లు ఆంగ్లాక్షరములతోనే యుండవలెను గాని, ప్రింటరు పేరు తెలుగున నుండవచ్చునని తెలిసిన మన బాలురకు సంతోషము కలుగును. పేరు 63 బైట్లకు మించరాదు. తెలుగున నొక్కొక్క గుర్తునకు 3 బైట్లు పట్టును; గుణింతపు గుర్తులును వేఱువేఱుగ లెక్కకు వచ్చును. "కార్యాలయము" అనుదానికి 30 బైట్లే యగును.

పట్టిక వ్రాసినంతమాత్రమున ముగియలేదు. ఏ డొమైనున వెదకవలెనో టాబ్లెట్టున కెవరు చెప్పుదురు? అదియు పట్టికయే చెప్పును. ఆపిల్ యంత్రములు నెట్‌వర్కున ప్రవేశించినంతనే తమ సబ్‌నెట్టు సంఖ్యను తలక్రిందులుగ త్రిప్పి, ముందు "ఎల్‌బి" అను గుర్తు నుంచి, 0.2.20.10 అను పేరుతో ప్రశ్న వేయును. డి.ఎన్.ఎస్. సర్వరు దినచర్య తెఱచి చూచినవారికి ఈ ప్రశ్నలు బదులు లేక వరుసగ పడియుండుట కానవచ్చును. ఆ పేరునకు స్కూల్.ఎగ్జాంపుల్ అని యొక పి.టి.ఆర్. పంక్తి వ్రాసినచో ఉపాధ్యాయుల టాబ్లెట్టులలో ప్రింటరు ప్రత్యక్షమగును. ప్రయోగశాలకు చెందిన 0.3.20.10 పేరున నేమియు వ్రాయకున్న, విద్యార్థుల కది వెదకినను కానరాదు. కాని కానరాకుండుట తాళము వేయుట గాదు. చిరునామా యెఱిగిన బాలుడు చేతితో వ్రాసి పంపగలడు. కావున 10.20.3.0 నుండి ప్రింటరు ద్వారములకు పోవు త్రోవను రౌటరునందు మూసివేయవలెను, 10.20.2.0 నుండి 631కు తెఱచి యుంచవలెను.

అన్ని కంపెనీల యంత్రములును ఇట్లు పట్టిక నడుగవు. కొన్నింటికి కేక తప్ప వేఱొండు తెలియదు. వానికి చిరునామా చేతితో వ్రాయవలసినదే.

కేకకును పట్టికకును నొక భేద మున్నది. కేకకు బ్రదికియున్న ప్రింటరే బదులు పలుకును. పట్టికలోని పేరో, ప్రింటరు చెడినను, అమ్మివేసినను, అట్లే నిలిచియుండును. ప్రింటరు చిరునామా మాఱినను పట్టిక పాతదానినే చెప్పును. అందుచేత దానికి స్థిరమైన చిరునామా కేటాయింపవలెను. అమెరికా విశ్వవిద్యాలయములలో ఇట్టి యంత్రములు వేలకొలది చేరుటచే ఈ పట్టికలను చేతితో వ్రాయుట భారమైనది. ప్రతి వాడలోను కేకను విని, దానిని పట్టికరూపమున పైవారికి చెప్పు ప్రతినిధి పద్ధతి నియమములను చెషైర్ వ్రాయగా, 2020లో అవి ప్రకటింపబడెను. రెండు మూడు ప్రింటరులు గల పాఠశాలకు అంత యేర్పాటు వలదని మా యభిప్రాయము. చేతివ్రాతయే చాలును; అయితే ఏ ప్రింటరును తొలగించినను, ఆనాడే దాని పంక్తులను సర్వరునుండి కొట్టివేయవలెను. డిగ్ అను సాధనముతో పి.టి.ఆర్. పంక్తి నొకమాఱు అడిగి చూచినచో, పేరు పోయినదో లేదో క్షణములో తెలియును.